తన కథను నవలగా మలచిన మెట్టసీమ

తన యౌవనమును తానే కథావస్తువుగా గైకొని, అందలి ఆశను, అవమానమును, స్నేహమును, భ్రమలు తొలగిన ఘడియలను, ఆత్మస్తుతికిని ఆత్మనిందకును లోనుగాక నవలగా మలచుట సామాన్యమైన విద్య కాదు. ఆ విద్యను ఆలేరు, భువనగిరి, జనగామ, నల్లగొండల చుట్టును వ్యాపించియున్న ఈ మెట్టసీమ రచయితలు సాధించినంతగా తెలుగునేలపై మరియే ప్రాంతమువారును సాధింపలేదని నా దృఢవిశ్వాసము. దీనిని పక్షపాతమనువారు అందురు గాక. ఊరిపై మమకారము లేనివాడు ఆ ఊరి సాహిత్యమును తూచుటకంటె మమకారము గలవాడు తూచుటయే మేలని నేను తలతును. 1955లో వెలువడిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ మొదలుకొని, 1969 నాటి నవీన్ గారి ‘అంపశయ్య’ మీదుగా, వారిదే అయిన ‘కాలరేఖలు’ వరకు సాగిన ఈ ధారను ఆద్యంతము చదివినవారెవరును నా మాటను త్రోసిపుచ్చరు.

నవీన్ గారి అసలు పేరు దొంగరి మల్లయ్య. జన్మించినది 1941లో, వావిలాలలో. ఆలేరునుండి రైలులో తూర్పుగా పోయి జనగామలో దిగి, అటనుండి పాలకుర్తి దారి పట్టవలెను. అది సోమనాథుని పాలకుర్తి. పోతన పేరుతో ముడివడిన బమ్మెరయు ఆ చెంతనే యున్నది. ఆ మట్టిలోనే ఏదో మహిమ యున్నదని మా పెద్దలందురు, నేనును నమ్ముదును. రైతుకుటుంబమున బుట్టి, ఉస్మానియాలో అర్థశాస్త్రము చదివి, ఆ శాస్త్రమునే కళాశాలలలో బోధించుచు బ్రతికిన ఆ రచయితకు తొలినవల పేరే ఇంటిపేరై నిలిచినది. నేడు ‘అంపశయ్య నవీన్’ అన్ననే గాని లోకము గుర్తింపదు. ఒక గ్రంథము తన కర్త ఇంటిపేరును మార్చివేయుట ఎంత గొప్ప ఘనత!

ఆ నవల కథను చెప్పుమన్నచో చెప్పుటకేమియు లేదు. రవి యను పల్లెటూరి పేదవిద్యార్థి ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములో ఒక ప్రాతఃకాలమున మేల్కొనును. రాత్రి వరకును అతని మనస్సులో జరిగినదే కథ. హత్యలు లేవు, అపహరణలు లేవు, వివాహముతో ముగియు ప్రణయము లేదు. ఐనను ఆ ఒక్క దినములో ఒక తరపు జీవితమంతయు ఇమిడిపోయినది. 1904 జూన్ 16వ తేదీనాటి డబ్లిన్ నగరమును ఒక్క దినపు చట్రములో బిగించి జేమ్స్ జాయిస్ 1922లో ‘యులిసీస్’ను ప్రకటించినాడు; ఆ శిల్పపు ప్రేరణ తనపై గలదని నవీన్ గారు దాచుకొనలేదు. కాని ప్రేరణ వేరు, అనుకరణ వేరు. డబ్లిన్ వీథుల చట్రమును తెచ్చి, అప్పుచేసి కొడుకును చదివించు తెలంగాణా రైతు గుండెకోతను దానిలో నింపుట అనుకర్తలకు సాధ్యమగు పని కాదు.

ఈ శిల్పమునకు చైతన్యస్రవంతి యని మనవారు పేరుపెట్టినారు. దాని మర్మమును కొంత వివరింపవలసియున్నది. ఏలయనగా దీనిని పొగడువారిలోనే పలువురు దీని కష్టమును ఎరుగరు. మనస్సు గడియారమును బట్టి నడువదు. కంచము ముందు కూర్చున్నవానికి ఇంటి పొయ్యి తలపునకు వచ్చును, పొయ్యితో తల్లి, తల్లితో ఆమె దాచి యిచ్చిన రూపాయలు, ఆ రూపాయలతో కట్టవలసిన భోజనశాల బాకీ, బాకీతో పరీక్ష, పరీక్షతో భయము. ఇంతయు ఒక్క ముద్ద నోటికి చేరులోపలనే జరిగిపోవును. దీనిని వ్రాయువాడు ఒక తలపునుండి మరియొక తలపునకు పాఠకుని నడిపించునపుడు నడుమ వంతెన కట్టకూడదు. కట్టినచో అది ఉపన్యాసమగును. వంతెన లేకుండ వదలివేయనురాదు. వదలినచో అది ప్రలాపమగును. ఆ రెంటి నడుమ గల సన్నని దారిని నవీన్ గారు నవల పొడవునను తప్పలేదు. మా ఆలేరు, పోచంపల్లి ప్రాంతపు నేతగాండ్రు నూలును మగ్గమెక్కింపకమునుపే చిటికి కట్టి రంగులద్దినట్లు, ఏ జ్ఞాపకము ఎచ్చట పైకి తేలవలెనో ముందుగనే నిర్ణయించి ఆ తరువాతనే ఆయన నేతకు పూనుకొనినారనిపించును. చదువువానికి మాత్రము అంతయు అప్పటికప్పుడు పుట్టినట్లే తోచును.

మరియొక మెలకువ గలదు, అది మరింత దుర్లభము. ఆత్మకథాచ్ఛాయగల నవలను వ్రాయు యువకుడు సాధారణముగ తన్ను తాను క్షమించుకొనును. లోకము చెడ్డది, తాను మంచివాడు. రవి అట్టివాడు కాడు. అతని న్యూనతాభావమును, అతని అసూయను, స్త్రీలను గూర్చిన అతని రహస్యపు తలపులను రచయిత నిర్దాక్షిణ్యముగ బయటపెట్టినారు. అశ్లీలమని ఆక్షేపించినవారు లేకపోలేదు. వారికి నా సమాధానమొక్కటే: యౌవనపు మనస్సును వ్రాయబూని, అందలి సగభాగమునకు తెరవేయుట అబద్ధము; అబద్ధమునకు మించిన అశ్లీలము సాహిత్యములో వేరొకటి లేదు.

ఇక స్నేహము. ఈ ధారలోని నవలలకు ప్రాణము అదియే. భ్రమలు తొలగుట ఏకాంతములో జరుగునది కాదు; తోటివాని ముఖములో మనకు మన స్థితి తెలియవచ్చును. ఉన్నవాడును లేనివాడును ఒకే వసతిగృహములో నిద్రించి, ఒకే పంక్తిలో భుజించి, ఒకే తరగతిలో కూర్చుండగా పుట్టు ఆత్మీయతయు ఆ ఆత్మీయత నడుమనే పొడుచు ముల్లును ‘అంపశయ్య’ గ్రహించినంత సూక్ష్మముగ మరియే తెలుగునవల గ్రహించినది? ఈ స్నేహదృష్టి నవీన్ గారితో మొదలైనది కాదు. ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లా మాదారములో బుట్టి, బాల్యముననే పరుల యిండ్లలో వంటచేసి, హోటలులో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఇల్లిల్లు తిరిగి అమ్మిన మహనీయుడు. నిజామాబాదు చెరసాలలో దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాయుచుండగా ప్రక్కనున్న సహచరుడు ఇతడే. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఇతనికే అంకితమిచ్చినాడు. అట్టి మైత్రిని బ్రతికినవాడు గనుకనే ‘ప్రజల మనిషి’లోని కంఠీరవమును ఒంటరి వీరునిగా నిలుపక, కొమరయ్య వంటి సామాన్యుల చెలిమిలో నిలిపినాడు. 1961లో నలుబదియారవయేటనే ఆయన అస్తమించుట తెలుగునవలకు తీరని నష్టము.

కంఠీరవమునకు నమ్మకము కలదు. రవికి అది లేదు. ఈ రెండు నవలల నడుమ గడచిన పదునాలుగేండ్లలో ఈ సీమకు ఏమి జరిగినదో ఈ భేదమే చెప్పును. 1944లో మా భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభను, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన దినమును, 1948 సెప్టెంబరు నాటి పోలీసుచర్యను చూచినవారి బిడ్డలు, తండ్రుల త్యాగము తమకు చదువును, కొలువును, గౌరవమును తెచ్చునని నమ్మి ఉస్మానియా మెట్లెక్కినారు. 1956నాటి పెద్దమనుషుల ఒప్పందము కాగితముననే యుండిపోయినది. ‘అంపశయ్య’ వెలువడిన 1969వ సంవత్సరముననే విద్యార్థులు తెలంగాణమంతట వీథులకెక్కిరి. కాని నవల అంతకు ముందే వ్రాయబడినది, అందలి రవి నినాదములు చేయువాడు కాడు. ఉద్యమము పుట్టకమునుపు యువకుని గుండెలో ఏమి గూడుకట్టుకొని యున్నదో తెలియగోరు చరిత్రకారులు ఈ గ్రంథమును చదువక తప్పదు. తరువాత నవీన్ గారు ఆ తరపు కథను ‘కాలరేఖలు’, ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ అను మూడు సంపుటములుగా విస్తరించినారు. ‘కాలరేఖలు’నకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అది ఎంతో ఆలస్యముగ లభించినదని నా అభిప్రాయము.

మన విమర్శకులు తెలుగులో అంతరంగచిత్రణ గల నవలలనగనే ‘అసమర్థుని జీవయాత్ర’, ‘చివరకు మిగిలేది’, ‘అల్పజీవి’ అని మూడు పేర్లు జపించి తృప్తిపడుదురు. ఆ మూడును గొప్పవి, నేను కాదనను. గోపీచందు, బుచ్చిబాబు, రావిశాస్త్రి మువ్వురును నాకు పూజ్యులు. కాని ఆ నవలల నాయకులైన సీతారామారావునకును, దయానిధికిని ఇచ్చిన పుటలలో నాలుగవవంతు రవికి ఈయకపోవుట న్యాయమా? కోస్తాలో పుట్టిన వ్యథ సార్వజనీనమై, జనగామ దాపున పుట్టిన వ్యథ ప్రాంతీయమగుట యే తర్కము? ఈ తారతమ్యము నన్ను చిరకాలముగ బాధించుచున్నది. దీనిని మృదువుగ చెప్పుట నాకు చేతగాదు.

అంతకంటె పెద్ద బాధ మరియొకటి గలదు. ‘అంపశయ్య’ అనంతరము చైతన్యస్రవంతి యనుపేర బయలుదేరిన రచనలలో పెక్కింటికి చైతన్యమును లేదు, స్రవంతియు లేదు. విరామచిహ్నములను తీసివేసి, వాక్యములను సగములో త్రుంచి, నడుమ రెండు కలలను చొప్పించినంతనే శిల్పమైపోవునని భ్రమపడిరి. కళాశాల జీవితమును వస్తువుగ గైకొన్న చలనచిత్రములు, ధారావాహికలు మరింత ద్రోహము చేసినవి. వానిలో భోజనశాల బాకీ లేదు, ఊరినుండి వచ్చు ఉత్తరము లేదు, చదువెందులకను ప్రశ్న లేదు. ఉన్నది ఒక యువతిని వెంబడించుటయే. స్నేహితుడనగా హాస్యమునకు నిలిపిన బొమ్మ. ఇటీవల తమ జీవితములను నవలలనుచు అచ్చొత్తించుకొనుచున్నవారును పెరిగినారు. వానిలో కథానాయకుడు పుట్టినది మొదలు తప్పే చేయడు, అతని మిత్రులకు ముఖములే యుండవు. తన్ను తాను పరీక్షకు పెట్టుకొనలేనివాడు ఈ విద్య జోలికి పోరాదు. ఇట్టివానిని చదివి పెరిగిన బాలుడు నవల యన్ననే విసుగుకొన్నచో తప్పు ఆ బాలునిది కాదు.

నేడును ఆలేరు రైల్వేస్టేషనులో సంచి భుజమున వేసికొని సికిందరాబాదు బండికై నిలుచు విద్యార్థులు గలరు; వారి తండ్రులకు అప్పులు గలవు, వారి మనస్సులలో రవి గలడు. కాని ఆ పుస్తకము వారి చేతులలో లేదు. కనుక నా విన్నపము వినుడు. ఆలేరు, జనగామ, భువనగిరి, నల్లగొండ గ్రంథాలయములను నడుపువారు ‘ప్రజల మనిషి’, ‘అంపశయ్య’, ‘కాలరేఖలు’ ప్రతులను అలమరలలో తాళము వేసి దాచక, పిల్లలు చేయిచాచినంతనే అందునట్లు బల్లపై నుంచవలెను. ప్రచురణకర్తలు వీనిని విద్యార్థి కొనగలిగిన వెలకు మరల మరల ముద్రింపవలెను. తెలుగు బోధించు ఉపాధ్యాయులు పాఠ్యప్రణాళికకై ఎదురుచూడక, తరగతిలో ఒక్క గంటయైనను రవి కొరకు వెచ్చింపవలెను. ఈ సీమలో కలముపట్టు యువకులకును ఒక మాట: మీ కథను వ్రాయుడు, కాని ముందుగా మీ మిత్రుని వ్రాయుడు, మీకు అప్పిచ్చినవానిని, మీరు అసూయపడినవానిని, మీరు మరచిపోయినవానిని వ్రాయుడు.