నెల కార్డు మెస్సు, నాలుగు పేజీల మెనూ

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీ నగర్. 2018 సెప్టెంబరులో ఈ లైను తెరిచాక రెండింటి మధ్యా దూరమే లేకుండా పోయింది. భోజనం విషయంలో మాత్రం రెండూ వేర్వేరు ఊళ్లే. దిల్‌సుఖ్‌నగర్ మెస్సులో రేపు కూడా వచ్చేవాడి కోసం వండుతారు. ఎల్బీ నగర్ హోటల్లో మళ్లీ వస్తాడో రాడో తెలియనివాడి కోసం వండుతారు. నా మొగ్గు మెస్సు వైపే. ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్ మెస్సులకు అన్నదాతలు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లే. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు నెల కార్డు తీసుకుని రెండు పూటలా అక్కడే తింటారు. రోజూ తినే నోటిని మసాలాతో ఏమార్చడం కుదరదు. అందుకే మెస్సు సంగతి పప్పులో, చారులో తేలిపోతుంది. మంచి మెస్సులో పప్పు గరిటె జారుడుగా ఉండదు, ముద్దకు పట్టుకుంటుంది. దోసకాయ ముక్క నలగకుండా దొరుకుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లి చారు పోయించుకోండి. అడుగున మిరియం, వెల్లుల్లి తగిలితే ఆ వంటమనిషికి దండం పెట్టొచ్చు. ఉత్త వేడి నీళ్లే తగిలితే కార్డు మార్చుకోవడం మంచిది. బకెట్టు పట్టుకుని తిరిగే మనిషి "తమ్మీ, పెరుగు వెయ్యనా?" అని అడగడం కూడా ఆ భోజనంలో భాగమే.

లోపాలూ తక్కువేం కాదు. తింటుంటే కుర్చీ వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడు. పిల్లాజెల్లాతో వెళ్లిన వాళ్లకు అక్కడ తిన్నట్టే ఉండదు.

తీరిగ్గా కూర్చుని తినే సుఖం ఎల్బీ నగర్‌లో ఉంది. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు కలిసే చోటు. సూర్యాపేట, ఖమ్మం, నల్గొండ బస్సుల కోసం జనం కాచుకునే చోటు. ఏసీ, కుటుంబానికి విడిగా టేబుల్, నాలుగు పేజీల మెనూ. ఆ మెనూ దగ్గరే నాకు పేచీ. పనీరైనా, పుట్టగొడుగైనా, కోడైనా చాలాచోట్ల అదే ఎర్ర గ్రేవీలో మునిగి వస్తుంది. అయితే గిరాకీ ఆగని చోట బిర్యానీ చల్లారదు, నాటుకోడి పులుసు, రాగి సంగటి పెట్టే చోట్ల చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. ఆ ఒక్క పూటకు మెస్సు దానితో పోటీ పడలేదు.

ఇదే తూకంలో లిస్బన్ తాస్కాను పెట్టి చూడొచ్చు. తాస్కా అంటే పోర్చుగీసు పేటల్లో చవకగా తిండి పెట్టే చిన్న హోటలు. మన మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది పోర్చుగీసు ఓడల్లోనే కాబట్టి ఆ దేశంతో మన నాలుకకు పాత బాకీ ఒకటుంది. తాస్కాలో ఆ రోజు వంటకాలను కాగితం మీద చేత్తో రాసి అంటిస్తారు: ఎండబెట్టిన కాడ్ చేప, కాల్చిన సార్డీన్లు, బంగాళదుంప చిక్కదనంతో ఆకుకూర సూపు. మాంసం, సాసేజి, క్యాబేజీ కలిపి ఉడికించే కొజీదు లాంటి పెద్ద వంటను చాలాచోట్ల వారంలో ఒక రోజుకే కేటాయిస్తారు. మన మెస్సు గోడ మీద ఆదివారం చికెన్ అని ఉన్నట్టే. అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు తెచ్చి పెడతారు, తింటే బిల్లులో పడతాయి. అడగనిదాన్ని ముట్టుకోకపోతే డబ్బు తీసుకోకూడదని అక్కడ చట్టమే ఉంది. ఈ విషయంలో మన మెస్సే మేలు: పచ్చడి గిన్నె టేబుల్ మీదే, ఎన్నిసార్లు వేసుకున్నా లెక్క అడిగేవాడు లేడు. సగం ప్లేటు అడిగే వీలు తాస్కాలో ఉంది. వృథా అన్నం చూస్తే బాధపడే మన మెస్సుల వాళ్లు అది నేర్చుకోవచ్చు.

పర్యాటకుల తాకిడికి, అద్దెల పెరుగుదలకు లిస్బన్‌లో తాస్కాలు మూతపడుతున్నాయి. వాటి స్థానంలో వచ్చేవి ఎల్బీ నగర్ తరహావే, దారిన పోయేవాడి కోసం వండేవి. దిల్‌సుఖ్‌నగర్ మెస్సుకు ఆ గతి ఇంకా పట్టలేదు. ఊరెళ్లే ముందు ఒక పూట కడుపునిండా తినాలంటే ఎల్బీ నగర్ వెళ్లండి. నెల రోజులు ఒకేచోట తినాల్సి వస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో దిగండి. కార్డుకు డబ్బు కట్టేముందు మాత్రం ఒకసారి చారు రుచి చూడండి.