వంశకథలను చదవడం యెట్లా?

నవలను విమర్శిస్తాం, కావ్యాన్ని విమర్శిస్తాం, నాటకాన్ని విమర్శిస్తాం. మన యిళ్లలోనూ, కులసభలలోనూ, పాత కోటల నీడలోనూ యిప్పటికీ బతికివున్న వంశకథను మాత్రం విమర్శకు యోగ్యమైన రచనగా మనం లెక్కించడం లేదు. నమ్మేవాళ్లు నమ్ముతారు. చదువుకున్నవాళ్లు పుక్కిటిపురాణమని నవ్వి వూరుకుంటారు. ఈ రెండు వైఖరులూ కడకు వొక చోటికే చేరుతున్నవి. రెండూ కథను ప్రశ్నించకుండా వదిలిపెడుతున్నవి. వంశకథకు చెప్పేవాడున్నాడు, వినేవాడున్నాడు, చెప్పినవానికి గింజలు కొలిచేవాడున్నాడు, చెప్పించుకొన్నవానికి కలిగే ప్రయోజనమున్నది. ఇన్ని వున్నదాన్ని సాహిత్యమనక మరేమనాలి? సాహిత్యమైతే దానికి విమర్శ తప్పదు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను తీసుకొంటున్నాను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలై వుండి 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలుగా యేర్పడిన యీ నేల, అంతకు పూర్వం చాలాకాలం సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు — యివి నైజాముకు కప్పం కట్టుతూ తమ వూళ్లను తాము యేలుకొన్న సంస్థానాలు. 1949లో జాగీర్ల రద్దుతో వాటి అధికారం ముగిసింది. అధికారం ముగిసినా వాటి వంశకథలు ముగియలేదు. అందుచేత చెప్పించుకొన్న కథకూ, దాచుకొన్న కథకూ గల భేదం యిక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట వూళ్ల పేర్లను చూడండి. గద, వాలు అనే ఆయుధాల పేర గద్వాల వచ్చిందని చెప్పుకొంటారు. నాగర్‌కర్నూలుకు రెండు కథలున్నవి. నాగన, కందన అనే అన్నదమ్ములైన ప్రభువుల పేర వూరు వెలిసిందని వొక కథ. బండ్ల యిరుసులకు పూసే కందెన యిక్కడ దొరికేది గనుక ఆ పేరు వచ్చిందని రెండో కథ. వీటిలో యేది నిజమని భాషాశాస్త్రజ్ఞులు తేల్చవచ్చు. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు: యే కథలో యెవరు కనిపిస్తున్నారు? మొదటి కథలో వూరు పుట్టడానికి యిద్దరు ప్రభువులు కావలసివచ్చింది. రెండో కథలో బండి తోలేవాళ్లూ, కందెన అమ్మేవాళ్లూ చాలు. ఒకే వూరికి రెండు పుట్టుకలు వున్నవంటే, ఆ వూరిలో తమ పెద్దలను గూర్చి రెండు రకాలుగా ఆలోచించిన మనుషులు వున్నారన్నమాట.

ఇక సంస్థాన వంశావళులు. 18వ శతాబ్దం తొలినాళ్లలో గద్వాల కోట కట్టించిన సోమనాద్రి పేరు పండితుల పద్యాలలోనూ వున్నది, పామరుల నోటా వున్నది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు వూరికే రాలేదు. తిరుపతి వేంకట కవుల వంటివారు సైతం యీ ప్రాంతపు సంస్థానాలకు వచ్చి సన్మానాలు పొందినారు. ఆ పోషణ వల్ల తెలుగు సాహిత్యానికి జరిగిన మేలు చిన్నది కాదు; అది వొప్పుకొనవలసిందే. కాని పోషణకు వొక ధర వుంటుంది. కృత్యాదిలో ప్రభువు వంశాన్ని వర్ణించడం ఆ ధర. ప్రభువు తాత సూర్యునికో చంద్రునికో చుట్టమౌతాడు. ఆ తాత యేలిన వూళ్లలో చెరువు తవ్వినవాని తాత యెవరన్న ప్రశ్న ఆ పద్యానికి అక్కర లేదు.

ఈ వంశావళులలో గమనించవలసిన మరొక సంగతి దత్తత. సంస్థానాలలో పుత్రసంతానం లేక దత్తతతో వంశం నిలుపుకొన్న సందర్భాలు తరచుగా వస్తవి. రక్తం తెగిపోయిన చోట గూడా పద్యం తెగదు. పాత తాతలే కొత్త పిల్లవానికి తాతలౌతారు. ఇందులో తప్పేమీ లేదు. పెంచుకొన్న బిడ్డ బిడ్డ కాకపోడు. అయితే వంశమంటే నెత్తురని గర్వపడేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. వంశావళి కాపాడింది నెత్తురును కాదు, ఆస్తిని. ఆస్తి చేతులు మారకుండా వుండేందుకు కథ సాగింది. గద్వాలను చివరిగా యేలింది వొక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. అధికారం చేతికి వచ్చిన రాణుల పేర్లు యిట్లా చరిత్రలో నిలిచినవి. తక్కిన ఆడవాళ్లు వంశవృక్షంలో కొమ్మలు కలిపే ముడులుగానే మిగిలిపోయినారు.

ఈ గద్వాల సంస్థానంలోనే, బోరవెల్లి గ్రామంలో, 1896లో సురవరం ప్రతాపరెడ్డి జన్మించినారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు యెన్నికైనారు. 1949లో వెలువడి, 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వరుసను పక్కకు నెట్టి జనం తిండినీ, బట్టనూ, ఆటలనూ, వ్యాపారాలనూ చరిత్రగా నిలబెట్టింది. దానికి ఆయన వాడిన సాక్ష్యం చాలామట్టుకు ఆ పాత కావ్యాలే. రాజును పొగడడానికి రాసిన గ్రంథంలోనే కవి చేయి జారి రాసిన జనజీవితాన్ని ఆయన యేరి తీసినారు. వంశకథను చదవడానికి మనకు కావలసిన పద్ధతి యిదే. కథ దేన్ని చెప్పదలచిందో అది వొక సాక్ష్యం. చెప్పదలచక చెప్పింది మరొక సాక్ష్యం.

కోటకు వెలుపల వంశకథను కాపాడినవారు యెవరు? తెలుగుదేశంలో అడిగే కులాలకు, ఆశ్రిత కులాలకు వొక పెద్ద వ్యవస్థ వున్నది. రెడ్లకు, కాపులకు గోత్రాలూ యింటిపేర్లూ వల్లించేవారు పిచ్చికుంట్లవారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు డక్కలివారు. పద్మశాలీలకు, గొల్లలకు, ముదిరాజులకు గూడ యిట్లాగే కథకులున్నారు. వీరికి పెద్ద గ్రంథాలయాలు లేవు. పటమూ, వాద్యమూ, జ్ఞాపకమూ వీరి గ్రంథాలయం. ఏ వూళ్లలో యెవరు అడుక్కోవాలన్నది గూడ వీరికి వారసత్వమే. దాన్ని మిరాశి అన్నారు. వేలయేళ్ల వంశకథ చెప్పగలిగినవాడు గింజల కోసం గుమ్మం ముందు నిలబడవలసి రావడం మన సమాజపు వింత న్యాయం. పిచ్చికుంట్ల అన్న పేరు అవమానంగా వున్నదని ప్రభుత్వ జాబితాలో దాన్ని ‘వంశరాజ్’ అని మార్చినారు. పేరులో రాజు వచ్చినాడు, బతుకులో రాలేదు.

జాంబపురాణాన్ని సాహిత్యంగా పరిశీలించండి. భూమి పుట్టకముందే ఆదిజాంబవుడు పుట్టినాడని ఆ కథ ఆరంభిస్తుంది. చిందువారి ప్రదర్శనలో జాంబవుడు బ్రాహ్మణునితో వాదానికి దిగుతాడు. వూరికి వెలుపల నిలబెట్టినవాని తాత సృష్టికే పెద్ద అని చెప్పడం చరిత్ర రీత్యా నిజమా అని అడిగేవానికి ఆ కథ అర్థం కాలేదు. సంస్థాన కవి ప్రభువును సూర్యచంద్రులకు చుట్టం చేస్తే, యీ కథకుడు మాదిగను వాళ్లకంటే ముందు పుట్టించినాడు. మొదటిది వున్న అధికారానికి ముద్ర వేసే కథ. రెండోది లేని గౌరవాన్ని దబాయించి అడిగే కథ. రెండూ కల్పనలే కావచ్చు. రెండింటి వర్గ స్వభావం మాత్రం వొకటి కాదు.

అంతమాత్రాన జాంబపురాణాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను అనను. బ్రాహ్మణుని నిలదీసిన ఆ కథే, దాన్ని చెప్పే డక్కలివానిని మాదిగ కంటే కింద నిలబెట్టే ఆచారాన్ని గూడ మోసుకువచ్చింది. కథ పై మెట్టును కూల్చింది, కింది మెట్టును కదల్చలేదు. పీడితుల కథ గనుక అది ప్రతి అక్షరమూ పురోగామి అని తీర్మానించడం భక్తి అవుతుంది, విమర్శ కాదు.

డక్కలివారి వాద్యం కిన్నెర. నాగర్‌కర్నూలు జిల్లా అవుసులకుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ వంటివి పాడి పేరు పొందినారు. 2022లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆ కళాకారుడే కూలిపనికి పోవలసివచ్చిందని 2024లో పత్రికలు రాసినవి. బిరుదు యివ్వడం సంస్థానాల కాలం నుండి మనకు తెలిసిన విద్య. కథకునికి బతుకుతెరువు చూపడం మనం యింకా నేర్చుకోలేదు.

మిరాశి కథకులు గూడ లేని కుటుంబాల సంగతి యేమిటి? వనపర్తి చరిత్రలో వొక ఆశ్చర్యకరమైన అధ్యాయమున్నది. 19వ శతాబ్దంలో వనపర్తి రాజు ఆఫ్రికా సంతతివారైన సిద్దీలతో అశ్వికదళం నడిపినాడు. తర్వాత ఆ దళం నైజాము కొలువులోకి పోయింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు దగ్గర వారు వుండిన చోటును నేటికీ ఏ.సి. గార్డ్స్ అంటున్నాం, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నది దాని పూర్తి పేరు. 1948 పోలీసు చర్య తర్వాత దళం రద్దయింది, కుటుంబాలు మిగిలినవి. హైదరాబాదు పెండ్లి వూరేగింపులలో మోగే మర్ఫాలో వారి చేయి వున్నది. ఆ వీధిలో వొక పిల్లవాడు తన ముత్తాతను వెదకితే దారి వనపర్తికి వస్తుంది, అక్కడినుండి సముద్రం దాటుతుంది. రాజు చరిత్రలో ఆ దళం వొక వైభవం, వొక వాక్యం. ఆ పిల్లవానికి అదే వంశవృక్షపు మొదలు. వనపర్తి చరిత్ర రాసేవారు రాజవంశాన్ని యెంత శ్రద్ధగా రాస్తారో యీ సిపాయి కుటుంబాలను అంత శ్రద్ధగా రాసేదాకా ఆ చరిత్ర సగమే.

ఇక్కడ మన పాఠకులకు ‘ఏడు తరాలు’ గుర్తురాక మానదు. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’ను సహవాసి తెలుగు చేసినారు, ఆ పుస్తకం చదివి కులాన్నీ బానిసత్వాన్నీ గూర్చి ఆలోచించడం మొదలుపెట్టిన యువకులు మనలో చాలామంది వున్నారు. తర్వాత పరిశోధకులు దానిలోని వంశక్రమాన్ని ప్రశ్నించినారు. గాంబియాలో కథ చెప్పిన వృద్ధుని సాక్ష్యం నిలవదన్నారు. మరొక రచయిత నవలలోని భాగాలు దానిలో వున్నవన్న దావా 1978లో పరిహారంతో ముగిసింది. వీటిని దాచిపెట్టడం అభ్యుదయం కాదు. కాని వీటి వల్ల బానిస ఓడలు అబద్ధం కావు, తోటలలోని కొరడా అబద్ధం కాదు. ఒక తాత పేరు తప్పు కావచ్చు. ఆ తాతల స్థితి నిజం. వంశకథలో పేరుకు వేరు సాక్ష్యం వెదకాలి, స్థితికి వేరు సాక్ష్యం వెదకాలి.

స్థితికి సాక్ష్యం మన ప్రాంతంలో యెక్కడ దొరుకుతుంది? కచేరీ కాగితాలలో. 1954–55 నాటి ఖాస్రా పహాణీని తీసుకోండి. పట్టా యెవరి పేర వున్నది, సాగులో యెవరున్నారు అన్న వివరాలు దానిలో కనిపిస్తవి. తండ్రి పేరుకు ‘వల్ద్’ అనీ, భర్త పేరుకు ‘జౌజె’ అనీ రాసిన ఆ ఉర్దూ మాటల మధ్య లక్షల కుటుంబాల పూర్వీకులున్నారు. ‘మన తాతకు యాభై యెకరాలుండేవి’ అన్న కథను, ‘మన తాత ఫలానా దొర దగ్గర జీతమున్నాడు’ అన్న కథను ఆ కాగితం పక్కన పెట్టి చదవండి. కథ కాగితాన్ని నిలదీస్తుంది, కాగితం కథను నిలదీస్తుంది. కాగితం గూడ దేవుడు కాదు; దాన్ని రాయించినవాడూ వూళ్లో బలవంతుడే.

కొన్ని చోట్ల ఆ నేలే లేదు. శ్రీశైలం జలాశయం కింద 1980 దశకం తొలినాళ్లలో కృష్ణ వొడ్డు గ్రామాలు అనేకం మునిగినవి. సోమశిల, జటప్రోలు గుడులను విప్పి మరొకచోట నిలబెట్టినారు. అది మంచి పనే. గుడి రాళ్లను తరలించినట్టు వూరి జ్ఞాపకాన్ని తరలించే శాఖ ప్రభుత్వంలో లేదు. పొలిమేర రాయీ, తాత సమాధీ, కథకుని మిరాశీ నీళ్లలో వుండిపోయినవి. పాలమూరు లేబరు దేశమంతటా ఆనకట్టలు కట్టింది. ఆ కూలీల పేర్లతో వంశావళి రాసిన కవి లేడు.

ఈ ప్రశ్నలు పాతకాలానివి కావు. ఈనాడు ప్రతి కులసంఘమూ వొక కులచరిత్ర పుస్తకం అచ్చువేస్తున్నది. వాటిలో చాలామట్టుకు వొకే కోరిక కనిపిస్తుంది: మన పూర్వీకులలో యెక్కడైనా వొక రాజు దొరకాలి. తరాలపాటు రాజుల కింద నలిగినవాని మనుమడు రాజు కోసం వెదకడం విషాదం. అతని వెదుకులాటను నవ్వులపాలు చేసే హక్కు మనకు లేదు. గౌరవం కోసమే అతడు వెదకుతున్నాడు. కాని గౌరవానికి రాజు అక్కర లేదని చెప్పే బాధ్యత మనది. రాజు దొరికిన మరుక్షణం ఆ రాజుకు కింద వొక సేవకుడు గూడ కావలసివస్తాడు. అట్లా ప్రతి కొత్త వంశావళీ తన కింద మరొక కులాన్ని వెదుక్కొంటుంది.

కనుక అధ్యాపకమిత్రులకూ, విద్యార్థులకూ నా సూచన. మీ యింటి వంశకథను రాసుకోండి. దాన్ని మూడు ప్రశ్నలతో చదవండి. ఈ కథను యెవరు చెప్పినారు, వారికి గింజలు యెవరు కొలిచినారు, కథలో యెవరి పేరు లేదు? మూడో ప్రశ్నకు జవాబు తాతను కాక అవ్వను అడగండి. ఆమె పుట్టింటి పేరు, ఆమె చేసిన కూలి, ఆమె వలసపోయిన వూరు యే వంశవృక్షంలోనూ వుండవు. వనపర్తి రాజప్రాసాదం 1959లో పాలిటెక్నిక్ కళాశాల అయినది. ఒకనాడు వెట్టి చేయడానికి వెనుక వాకిట నిలబడ్డవారి మనుమలు ఆ గదులలో బల్లల మీద కూర్చుండి చదువుకొన్నారు. వారి తాతల కథ ఆ గోడల మీద యెక్కడా చెక్కి లేదు. దాన్ని రాయవలసిన కలం యిప్పుడు వారి చేతిలోనే వున్నది.