బరువుకు పని చెప్పిన పనిముట్లు

పిల్లలూ, తిరగలి ఎప్పుడైనా చూశారా? తెలంగాణ పల్లెల్లో ఇసుర్రాయి అంటారు. ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు గుండ్రటి రాళ్ళు. కింది రాయి కదలదు, దాని నడుమ ఒక ఇరుసు నిలబడి ఉంటుంది. పైరాయి నడుమ ఒక బెజ్జం. ఆ బెజ్జం ఇరుసు కన్నా వెడల్పు. మిగిలిన సందులోనే గుప్పెడు గుప్పెడుగా గింజలు పోస్తారు. పైరాయి అంచున నిలువుగా దిగగొట్టిన కర్ర పిడిని పట్టుకొని తిప్పితే, గింజలు రాళ్ళ మధ్య నలుగుతూ అంచు వైపు జరుగుతాయి. చుట్టూ పిండి రాలుతుంది.

మరి గింజను నలిపింది ఎవరు? తిప్పిన మనిషి అని టక్కున చెప్పేస్తారు. నిజానికి నలిపింది పైరాయి బరువు. చెయ్యి ఆ రాయిని ఎత్తలేదు, అదమలేదు, గుండ్రంగా నడిపించింది అంతే. పిడిని నడుమ పెట్టకుండా అంచున ఎందుకు పెట్టారో తెలియాలంటే మీ ఇంటి తలుపు చాలు. ముందు బందుల దగ్గర వేలు పెట్టి నెట్టండి, తర్వాత గడియ దగ్గర నెట్టండి. రెండోసారి తలుపు ఒక్క వేలికే కదులుతుంది. తిరిగే వస్తువును దాని ఇరుసుకు ఎంత దూరంలో పట్టుకుంటే అంత తేలిగ్గా తిరుగుతుంది.

తిరగలి రాళ్ళు నున్నగా ఉంటే పనికిరావు. గింజ జారిపోతుంది తప్ప నలగదు. అందుకే లోపలి ముఖాల మీద ఉలితో సన్నటి గాట్లు పెడతారు. దాన్ని కక్కు కొట్టడం అంటారు. వాడగా వాడగా ఆ గాట్లు అరిగిపోతాయి, మళ్ళీ కొట్టించాలి. ఒకప్పుడు ఆ పని చేసేవాళ్ళు ఉలీ సుత్తీ పట్టుకొని వీధి వీధీ కేక వేసుకుంటూ తిరిగేవాళ్ళు. గింజలు పోయడంలోనూ ఒక ఒడుపు ఉంది. కొంచెం కొంచెంగా పోస్తే మెత్తటి పిండి, గబగబా ఎక్కువ పోస్తే రవ్వ. మర లేదు, మీట లేదు, అయినా ఏది కావాలంటే అది వచ్చేది.

మన పాత పనిముట్లలో చాలావాటి గుట్టు ఇదే. మనిషి బలం కొంచెం, లోకంలో బరువు బోలెడు. ఆ బరువును ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు వదలాలో తెలిస్తే సగం పని అదే చేసిపెడుతుంది. రోట్లో వడ్లు దంచేవాళ్ళను చూసినా అంతే. రోకలిని పైకి లేపడం వాళ్ళ వంతు, కింద పడడం రోకలి వంతు. దాని కొనకు తొడిగిన ఇనుప పొన్ను ఆ దెబ్బకు ఇంకాస్త బరువు చేరుస్తుంది, కర్ర చిట్లిపోకుండానూ కాపాడుతుంది.

అన్నిటికన్నా గమ్మత్తయినది ఏతం. పార్కులో ఊగుడు బల్ల ఎక్కి ఉంటారుగా, ఏతం అలాంటిదే, కాకపోతే చాలా పెద్దది. బావి పక్కన గట్టి గుంజలు పాతి, వాటి మీద ఒక పొడవాటి మాను అడ్డంగా అమరుస్తారు. బావి వైపు కొసకు వెదురు గడ వేలాడుతుంది, గడ చివర నీళ్ళు తోడే బాన. ఒక మనిషి ఆ మాను మీదికి ఎక్కి నడుస్తాడు. బావి వైపు నాలుగడుగులు వేస్తే ఆ కొస వంగి బాన నీళ్ళలో మునుగుతుంది. వెనక్కి నాలుగడుగులు వేస్తే తోక వైపు కిందికి దిగి, నిండిన బాన పైకి వస్తుంది. గట్టు మీద ఇంకో మనిషి గడ పట్టుకొని ఉంటాడు, బాన పైకి రాగానే కాలువలోకి వంచేస్తాడు. పైవాడు మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. చేతులతో తోడితే చేదకు ఒకసారి రెక్కలు లాగేస్తాయి. ఇక్కడ నీళ్ళను పైకి లాగుతున్నది చేతులు కావు, నడిచే మనిషి ఒంటి బరువు.

ఈజిప్టు వాళ్ళు ఇదే పనికి మనిషిని ఎక్కించలేదు. మాను తోకకు పెద్ద మట్టిముద్ద అంటించారు. 3 వేల ఏళ్ళు దాటిన వాళ్ళ సమాధుల గోడల మీద ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. మట్టిముద్దకు కూలి ఇవ్వక్కర్లేదు, నిజమే. కానీ అది పాట పాడదు. మన ఏతం మీది మనిషి పాడేవాడు, అదీ ఊరికే కాదు. ఎన్ని బానలు తోడారో ఆ పాటలోనే లెక్క కట్టేవాళ్ళు.

నీళ్ళు మరీ లోతున ఉన్నచోట ఎద్దులు కావాలి. తెలంగాణలో మోట, రాయలసీమలో కపిల. బావి మీద గిరక, గిరక మీదుగా మోకు, మోకు చివర పెద్ద తోలు సంచి. ఎద్దులు నడిచే దారిని బావి దగ్గర ఎత్తుగా, పోనుపోను పల్లంగా చేస్తారు. దిగుడు నేల మీద నడుస్తుంటే ఎద్దుల సొంత బరువు కూడా సంచిని లాగుతుంది. ఆ సంచి అడుగున ఒక తొండం. పైకి వచ్చేటప్పుడు దాన్ని ఇంకో తాడు మడిచి పట్టుకుంటుంది. గట్టు దగ్గరికి రాగానే తొండం చాచుకొని నీళ్ళు వాటంతటవే కాలువలో పడతాయి. వంచడానికి మనిషి అక్కర్లేదు. నన్నడిగితే ఈ తొండం కనిపెట్టిన బుర్రకు ఏ ఇంజనీరయినా దండం పెట్టాల్సిందే.

బరువులో తేడా కూడా పనికొస్తుంది. కళ్ళంలో వడ్లు నూర్చాక గింజ, తాలు, పొట్టు, గడ్డి ముక్కలు అన్నీ కలిసే ఉంటాయి. ఒక్కొక్కటీ ఏరాలంటే ఏడాది పడుతుంది. రైతు గాలి తోలే పూట చూసుకొని, ఎత్తు మీద నిలబడి, చేటతో మెల్లగా జారవిడుస్తాడు. బరువైన గింజ నిట్టనిలువుగా కింద రాశి పడుతుంది, తేలికైన పొట్టు గాలితో పాటు అవతలికి పోతుంది. ఇదే తూర్పారబట్టడం. గాలి లేని ఇంట్లో అమ్మమ్మ చేటతో చెరిగి ఆ గాలిని తనే పుట్టిస్తుంది. ఆ చేటను మేదరులు వెదురు బద్దలతో అల్లుతారు. సందులు పూడి, గట్టిగా ఉండాలని దానికి మెంతులు, నానబెట్టిన కాగితాలు కలిపి రుబ్బిన గుజ్జు పూసేవాళ్ళు.

మీరు ఇంట్లోనే చేసి చూడదగినది బియ్యం గాలించడం. గిన్నెలో గుప్పెడు బియ్యం, నాలుగైదు చిన్న రాళ్ళు వేసి నిండా నీళ్ళు పోయండి. గిన్నెను గుండ్రంగా తిప్పుతూ, నీళ్ళతో పాటు బియ్యాన్ని కొంచెం కొంచెంగా ఇంకో గిన్నెలోకి వంచండి. తొందరపడకపోతే చివరికి రాళ్ళు మాత్రమే మిగులుతాయి.

కుమ్మరి సారె బరువును ఇంకోలా వాడుకుంటుంది. చక్రం అంచున ఉన్న గుంటలో కర్ర పెట్టి కుమ్మరి నాలుగు చుట్లు గట్టిగా తిప్పి, కర్ర తీసేస్తాడు. బరువైన చక్రం ఒకసారి వేగం అందుకుంటే ఓ పట్టాన ఆగదు. అది తిరిగినంతసేపూ రెండు చేతులూ మట్టికే. తేలికపాటి చక్రం పెట్టి చూడండి, కుండ మెడ దాకా రాకముందే ఆగి కూర్చుంటుంది.

ఇదంతా విని ఆ రోజులే బాగుండేవని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాదికీ సరిపడా పిండి విసిరిన ఆడవాళ్ళు, ఊళ్ళోకి పిండిమర వచ్చిన రోజున హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఏతం మాను మీద కాలు జారితే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. పనిముట్టు తెలివైనదే, చాకిరీ మాత్రం చాకిరీయే. ఆ తెలివి బడిలో నేర్చుకోవలసినది, ఆ చాకిరీ ఎవరికీ మళ్ళీ రాకూడనిది.

బరువు అస్సలు పనికిరాని చోటు ఒకటి చెప్తాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నటి ఖద్దరు నేస్తారు. దానికి కావలసిన దూదిని శుభ్రం చేసే పనిముట్టు ఏమిటో ఊహించండి. చేప దవడ! వాలుగ చేప దవడ ఎముకకు వరసగా సన్నటి, వాడి పళ్ళుంటాయి. దానితో గింజ మీదున్న పత్తిని దువ్వుతారు. చెత్తా దుమ్మూ రాలిపోతాయి, పోగులన్నీ ఒక వైపుకు సర్దుకుంటాయి. మోటు ఇనుప పళ్ళతో గీకితే పోగులు తెగుతాయి, తెగిన పోగుతో సన్న నూలు రాదు. ఆ తర్వాత గింజ తీసి, దూదిని చిన్న విల్లుతో ఏకి, ఏకులుగా చుట్టి, ఎండిన అరటి బోదె పొరలో దాచుకొని, రాట్నం మీద వడుకుతారు. రాట్నం పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది, ఆ మెలికలే దూదిని దారం చేస్తాయి.

పొందూరులో వంద కౌంటు నూలు వడుకుతారు. మిల్లులు వాడే ఇంగ్లీషు కౌంటు లెక్కన వంద అంటే, ఒక్క గ్రాము దూది నుంచి దాదాపు 170 మీటర్ల దారం. మీరూ ఒక చిటికెడు దూది తీసుకోండి. ఒక చేత్తో మెల్లగా లాగుతూ, రెండో చేతి వేళ్ళతో మెలి తిప్పండి. ఎక్కువ లాగితే తెగుతుంది, తక్కువ లాగితే లావవుతుంది. తెగకుండా ఎంత పొడవు వచ్చిందో స్కేలు పెట్టి కొలవండి.