ఓడిన రాత్రి అభిమానానికి

అభిమానమా, గెలిచిన రోజున నీకు భజంత్రీలకు కొదవలేదు. ఫ్లెక్సీలు కట్టేవాళ్ళున్నారు, టపాకాయలు కాల్చేవాళ్ళున్నారు, ఎవరూ అడక్కపోయినా స్వీటుడబ్బా పట్టుకుని వీధంతా తిరిగేవాళ్ళున్నారు. ఓడిన రాత్రే నీకెవరూ ఉండరు. ఫోను బోర్లించి, కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి, అక్కడే ఆగి ఫ్యాను కేసి చూస్తూ కూచుంటావే, అప్పటి నిన్ను పాడాలని నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక.

2025 జులై 28న నిన్ను బాగా దగ్గర్నుంచి చూశాను. శ్రావణమాసం తొలి సోమవారం. బెజవాడ గుణదలలో మబ్బు పట్టి ఉక్కపోస్తోంది. ఏలూరు కాలువ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. పై వాటాలో ఉండే లెక్కల మాస్టారి ఇంట్లో స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోనులో జార్జియా దేశం, నల్లసముద్రపు ఒడ్డున బతూమి పట్నం, ఒక బల్ల, బల్లకు అటూ ఇటూ ఇద్దరాడవాళ్ళు. ఒకరు మన కోనేరు హంపి. గుడివాడలో పుట్టి, బెజవాడ మనిషైపోయిన ముప్ఫై ఎనిమిదేళ్ళ ఇల్లాలు, ఒక బిడ్డ తల్లి. రెండోవారు నాగపూర్ పిల్ల దివ్యా దేశ్‌ముఖ్, పంతొమ్మిదేళ్ళు. మహిళల చదరంగం ప్రపంచ కప్ ఫైనల్. శని, ఆదివారాల ఆటలు రెండూ డ్రా. సోమవారం టైబ్రేక్. మొదటి ర్యాపిడ్ ఆట కూడా డ్రా. ఇక రెండోది, అందులో హంపివి తెల్లపావులు.

మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నారు. సెమీఫైనల్లో హంపి చైనా అమ్మాయి లే టింగ్‌జియేను టైబ్రేక్‌లో గెలిచిన రోజు ఆయన ఆ కుర్చీలోనే కూచున్నారట. దాని ఒక కాలికి చిన్న చీలిక, కదిలితే కిర్రుమంటుంది. ఆయన కదలడంలేదు. ఆయన కోడలు వంటింటి గడప దాటి రాలేదు. తను చూస్తే ఓడిపోతుందని ఆవిడ నమ్మకం. ఇటు రాకుండానే "ఏమైంది?" అని అడుగుతుంది, మేం చెప్పబోతే "వద్దులెండి, చెప్పొద్దు" అంటుంది. నేనైతే రెండుసార్లు మంచినీళ్ళకు లేచాను, రెండుసార్లూ అటువైపు బలం పెరిగింది, మూడోసారి దాహంవేసినా లేవలేదు. గోరాగారి నాస్తిక కేంద్రం ఉన్న ఊరండీ ఇది! ఇంత ఊళ్ళో, ఇంత చదువుకుని, నా దాహానికీ బతూమిలో ఒక ఏనుగు నడకకూ ముడిపెట్టినదానివి నువ్వే, అభిమానమా. నీ మూఢత్వానికి దండం. చేయగలిగిందేమీ లేనిచోట, చేసే పని ఒకటి కల్పించి చేతిలో పెడతావు. కుర్చీ కదపకపోవడం కూడా సేవేనని నమ్మిస్తావు.

పూర్వం నీకు ఇంత కష్టం ఉండేది కాదు. 2011 నవంబరులో హంపి అల్బేనియా రాజధాని టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం హౌ యిఫాన్‌తో ఆడుతున్నప్పుడు, మాస్టారు మర్నాటి పేపర్లో ఎత్తులు వెతుక్కుని, బల్లమీద పావులు పేర్చి, ఒక్కొక్కటే జరిపి చూసేవారట. అప్పటికే అయిపోయిన ఆటను ఇంకా అయిపోనట్టు ఆడేవారు. ఇప్పుడు ఫోనుతెరమీద ఒక పక్కన తెలుపూ నలుపూ పట్టీ ఒకటి నిలబడి ఉంటుంది. యంత్రం లెక్కగట్టి ఎవరిది పైచేయో చూపిస్తుంది. జ్వరమొచ్చిన పిల్లవాడి థర్మామీటరు చూసినట్టు దాన్నే చూస్తూ కూచుంటాం. గుర్రం ఎటు గెంతుతుందో తెలియనివాడికి కూడా గుండె దడ పుట్టించే సాధనం అది. తప్పు జరిగిందని ఆడేవాళ్ళకంటే ముందు మనకు తెలుస్తుంది. అరిచి చెప్పడానికి నోరుంది. వినడానికి వాళ్ళు లేరు.

ఆ పట్టీ ఊగింది. గడియారం తరిమింది. చివర్లో తప్పు పడింది. నల్లరంగు పట్టీని నింపుకుంటూ పోయింది. హంపి ముఖంలో ఏమీ లేదు; ఆమె ముఖంలో ఎప్పుడూ ఏమీ ఉండదు, ఉండాల్సినదంతా మా ముఖాల్లోనే. ఆట ముగిసింది. కుర్చీ కిర్రుమంది.

ఆ తర్వాతి పావుగంట, అభిమానమా, నిన్ను ఎవరైనా రికార్డు చేసుంటే బాగుండేది. మొదట నిశ్శబ్దం. తర్వాత న్యాయశాస్త్రం. శనివారం నాడే తేల్చేసి ఉండాల్సింది. వయసు సగమున్న పిల్లతో ర్యాపిడ్ పెట్టడం ఏం న్యాయం. (హంపి రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తురాదు.) ఆ తర్వాత సర్దుబాటు: ఫైనల్ దాకా వచ్చింది, ప్రపంచ టైటిల్‌కు దారిచూపే క్యాండిడేట్స్ పోటీలో చోటు దొరికింది, అది చాలదా. ఆ తర్వాత దేశభక్తి: ఎవరు గెలిచినా కప్పు మనదేగా. అది అన్నది నేనే. మాస్టారు నావైపు చూసి, "మనదేలెండి. మనమ్మాయి కాదంతే" అన్నారు.

తెలుగులో నీ పేరుకు రెండు అర్థాలున్నాయి, గమనించావా? "నా అభిమానం దెబ్బతింది" అంటే నా గర్వానికి గాయమైందని. "ఆమె అంటే అభిమానం" అంటే ప్రేమ అని. ఎవరు కుదిర్చారోగాని, ఒకే మాటలో రెంటినీ కాపురం పెట్టారు. గెలుపు రోజున ఆ రెండూ కలిసే ఊరేగుతాయి, ఏది ఏదో తెలియదు. మన ఊరమ్మాయి గెలిచింది అన్నప్పుడు మన ఊరి కోసం పొంగుతున్నామా, అమ్మాయి కోసమా? ఓటమి వచ్చి చిలికితేగాని వెన్నా మజ్జిగా వేరవవు. మాస్టారన్న ఆ మాట గర్వం అన్నది. వంటింటి గడప దగ్గర నిలబడి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఆయన కోడలు మరో మాట అంది. "పాపం, ఇంత పొద్దుపోయి ఏం తింటుందో అక్కడ."

గర్వం ఎంత అల్పంగా ఉండగలదో కూడా ఈ పాటలో రావాలి, లేకపోతే ఇది అబద్ధపు స్తోత్రమవుతుంది. 2016 ఆగస్టు 19న, కృష్ణా పుష్కరాలు జరుగుతుండగా, రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో పి.వి. సింధు మొదటి గేము 21-19తో గెలిచి, తర్వాతవి 12-21, 15-21తో కరోలినా మారిన్‌కు వదులుకుంది. ఘాట్లలో మునకలేసి తడిబట్టలతో వచ్చినవాళ్ళు టీవీ షాపుల ముందు నిలబడి చూశారు. ఓటమి అన్నమాట ఎవరి నోటా రాలేదు. నాలుగురోజులకే వెండిపతకంతో వచ్చిన ఆమెకు ఇదే బెజవాడ బ్రహ్మరథం పట్టింది. ఓడిన ఆటకు ఇంత పెద్ద ఊరేగింపు నేనెరగను. ప్రేమే అది, సందేహం లేదు. కానీ ఆ రోజుల్లోనే ఆంధ్ర, తెలంగాణలవాళ్ళు గూగుల్‌లో ఆమె గురించి మరీ మరీ వెతికినవాటిలో ఆమె కులం ఒకటని పత్రికలు రాశాయి. అభిమానమా, ఆ వేళ్ళు కూడా నీవే. పతకం ఎవరింట్లో పెట్టుకోవాలో తేల్చుకుందామని వెతికావు. సిగ్గుపడు, కాసేపు. తర్వాత మళ్ళీ పాడుకుందాం.

నువ్వు మా ఒక్క ఊరి సొత్తు కాదు, అభిమానమా. మనకు ఐసు అంటే సోడాబండి దగ్గర ఊకలో దాచి, గోనెపట్టా చుట్టిన దిమ్మ. దానిమీద పాదరక్షకు కత్తి బిగించుకుని నాట్యంచేసే మనుషులున్నారని, వాళ్ళు పడితే కళ్ళనీళ్ళు పెట్టుకునే దేశాలున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జపాన్‌వాడు యుజురు హన్యూ. రెండు ఒలింపిక్ స్వర్ణాలవాడు. అతని ఆట ముగియగానే ప్రేక్షకుల్లోంచి పచ్చటి ఎలుగుబంటి బొమ్మలు వానలా మంచుమీద కురిసేవి. ఏరడానికి పిల్లలు జట్లుగా దిగాల్సి వచ్చేది. 2022లో బీజింగ్‌లో మొదటి గెంతు దగ్గరే అతని కత్తి మంచులో ఒక గుంటలో ఇరుక్కుంది. నాలుగు చుట్లు తిరగాల్సినవాడు ఒక్క చుట్టు తిరిగి దిగాడు. రెండురోజుల తర్వాత, పోటీల్లో అప్పటిదాకా ఎవరూ చేయని నాలుగున్నర చుట్ల గెంతుకు తెగించి, పడి, లేచి, ఆట పూర్తిచేశాడు. నాలుగో స్థానం. పతకం లేదు. జపాన్ అభిమానులు ఆ పడిన గెంతునే దాచుకున్నారు. తీర్పరులు పెట్టిన స్థానం ఒకటి, వీళ్ళు పెట్టిన స్థానం ఒకటి. భాష తెలియకపోయినా ఆ మనుషులు నాకు తెలుసు. వాళ్ళలో ఎవరో ఒకరు దాహంవేసినా లేవకుండా కూచుని ఉంటారు.

చదరంగంలో పడటం కంటికి కనబడదు. చప్పుడుండదు, మంచు చిట్లదు. ఒక చెయ్యి ముందుకొస్తుంది, ఇంకో చెయ్యి దాన్ని పట్టుకుంటుంది, అంతే. అందుకే హంపి అభిమానులు మౌనంగా దెబ్బతినడం నేర్చుకున్నారు. 2002లో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు వయసు పదిహేనేళ్ళ ఒక నెలా ఇరవైయేడు రోజులు. మహిళల్లో అతి పిన్నవయసు గ్రాండ్‌మాస్టర్‌గా జూడిత్ పోల్గర్ పేరిట ఉన్న రికార్డు చెదిరింది. బెజవాడలో ఆ ఏడు చదరంగం బల్లలు కొన్న తండ్రులు ఇంతమందని లెక్క లేదు. ఇక ప్రపంచ కిరీటం ఆలస్యం కాదనుకున్నారంతా. 2004లో సెమీఫైనల్ దగ్గర ఆగింది. 2008లోనూ సెమీఫైనలే, హౌ యిఫాన్ ఆపింది. 2010లో మళ్ళీ సెమీఫైనల్, మళ్ళీ హౌ యిఫాన్. 2011లో టిరానాలో నేరుగా కిరీటానికే పోరు. ఒక్క ఆటా గెలవలేదు, అయిదున్నర-రెండున్నర. హంపి పేరిట ఉన్న ఆ పిన్నవయసు రికార్డును చెరిపిన అమ్మాయి కూడా హౌ యిఫానే. తమ జీవితకాలంలో ఒక చైనా పేరును ఇంత శ్రద్ధగా పలకడం నేర్చుకున్న కృష్ణాజిల్లావాళ్ళు మరెవరూ ఉండరు.

ఇన్నిసార్లు దెబ్బతిన్నవాళ్ళకు 2024 డిసెంబర్ 28 ఒక వింత బహుమతి. న్యూయార్క్ ర్యాపిడ్ పోటీలో హంపి తొలి రౌండే ఓడిపోయింది. ఆ ఏడంతా ఆట సరిగా సాగక, ఇక విరమిద్దామా అన్న ఆలోచన వరకూ వెళ్ళిందని తర్వాత ఆమే చెప్పింది. మొదటిరోజు ఫలితం చూసి మాస్టారు ఫోను పక్కన పడేశారు. పడుకోబోయే ముందు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. పదకొండు రౌండ్లకు ఎనిమిదిన్నర పాయింట్లు, ఆఖరి ఆట గెలిచి ప్రపంచ విజేత. మర్నాడు ఆయన వీధిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడి, "మా హంపి గెలిచిందిలెండి" అని మాత్రం ఒకసారి, ఎవరితోనో తెలియకుండా, గాలిలోకి అన్నారు. ఆ "మా"లో ఊరు లేదు, జిల్లా లేదు. ఇరవై రెండేళ్ళు ఉన్నాయి.

ఫలితం దక్కకపోయినా ఆశ వదలని ఈ విద్య మా గుణదలకు కొత్త కాదు. 1924లో ఫాదర్ ఆర్లాటి కొండగుహలో మరియమాత స్వరూపం నిలిపినప్పటినుంచి జనం ఎక్కుతూనే ఉన్నారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళయితే మెట్లమీద మనుషులు కనబడతారుగాని మనుషుల కింద మెట్లు కనబడవు. బొట్టు పెట్టుకున్నవాళ్ళు, పెట్టుకోనివాళ్ళు, తలనీలాలిచ్చి పసుపు రాసుకున్న పసిపిల్లలు, కొబ్బరికాయ, కొవ్వొత్తి. మొక్కు తీరినవాళ్ళు వెలిగిస్తారు. తీరనివాళ్ళూ వెలిగిస్తారు. మంట చూసి ఏది ఎవరిదో చెప్పలేం. గత పదకొండేళ్ళుగా ఒకే కోరికతో ఎక్కుతున్న ఒకావిడ నాకు తెలుసు. ఆ కోరిక ఏమిటో నేను అడగలేదు, అది తీరలేదని ఆవిడ వెలిగించే తీరులో తెలిసిపోతుంది. అగ్గిపుల్ల గాలికి ఆరితే విసుక్కోదు. ఇంకోటి గీస్తుంది.

అభిమానమా, ఆ రాత్రి ఫోనులో చివరగా కనబడ్డది దివ్య. గెలిచిన పిల్ల. తల్లిని కరుచుకుని ఏడుస్తోంది. ఆ గెలుపుతోనే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యే నాటికి ఆ పిల్ల ఇంకా పుట్టనే లేదు. హంపి తెరిచిన తలుపులోంచి నాలుగోదిగా లోపలికొచ్చిన భారతీయురాలు. ముందు హంపి, తర్వాత మన గుంటూరు హారిక, తర్వాత వైశాలి, ఇప్పుడు ఈమె. వంటింట్లోంచి మాస్టారి కోడలు ఇప్పుడు మొదటిసారి గదిలోకి వచ్చింది, ఆట అయిపోయింది కాబట్టి ఇక చూడొచ్చు. తెరమీది తల్లీకూతుళ్ళను చూసి, "అయ్యో, చిన్నపిల్ల" అంది. మాస్టారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరికోసమని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మేడమీదికి బట్టలారెయ్యడానికి వెళ్ళాను. పిట్టగోడ నీడలో మాస్టారూ, తొమ్మిదేళ్ళ మనవరాలూ బల్ల వేసుకున్నారు. పేపరుకు బదులు ఫోనులో చూసి, రాత్రి ఆట చివరి ఘట్టం పేరుస్తున్నారు. ఒక బంటు దొరక్కపోతే మందుసీసా మూత పెట్టారు. పేర్చడం అయ్యాక ఆయన బల్లను మెల్లగా తిప్పబోయారు, నల్లపావులు పిల్లవైపుకు రావాలని.

"వద్దు తాతయ్యా, తెల్లవి నావి."

"తెల్లవి ఓడిపోయేవే అమ్మా ఇందులో."

"తెలుసు. నావే."

ఆయన బల్లను మళ్ళీ యథాస్థానానికి తిప్పారు. పిల్ల రెండుచేతులూ గడ్డం కింద పెట్టుకుని, రాజుకేసి చూస్తూ, చాలాసేపు ఏమీ కదపలేదు.