ఇంటి విత్తనం, కొన్న విత్తనం

విత్తనాల కొట్లో ఈ వారం ఓ మాట విని ఒళ్లు మండింది. బీట్‌రూట్ గింజలు అడిగిన ఒకావిడతో కొట్టతను "గింజ పెడితే రాదమ్మా, నారు పట్టుకెళ్లండి" అన్నాడు. ఎందుకు రాదు? దుంపకి తల్లివేరే ప్రాణం. నారు తీసి నాటేటప్పుడు ఆ వేరు మెలికపడితే దుంప వంకరగా ఊరుతుంది. గింజే నేరుగా మట్టిలో పడాలి.

ఆ గింజను అరచేతిలో వేసుకుని చూడండి. గరుకుగా, బొడిపెలతో, ఎండిన మట్టిపెళ్ల ముక్కలా ఉంటుంది. నిజానికది ఒక గింజ కాదు, రెండు మూడు పూలు అతుక్కుని ఎండిన కాయ. అందుకే ఒకటి పెడితే మూడు మొలకలొస్తాయి. పాలకూరదీ ఇదే జాతి, గింజ కూడా ఇలాంటిదే. మొలకను అడ్డుకునే పదార్థాలు పైతొక్కలో ఉంటాయి కాబట్టి రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. అక్టోబరు, నవంబరుల్లో అర అంగుళం లోతున, బెత్తెడు దూరంలో పెట్టాలి. ఆకులు విచ్చుకున్నాక బలమైన మొక్క ఒకటి ఉంచి మిగతావి గిల్లేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. గిల్లిన ఆకు పప్పులోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇక విత్తనం ఇంట్లోనే కట్టుకుని దాచుకోవాలన్న నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. అది అమ్మమ్మ దగ్గర అంటుకున్నది. వంటింటి దూలానికి ఎండు సొరబుర్రలు వేలాడేవి. ఒకదాన్లో బీరగింజలు, ఇంకోదాన్లో చిక్కుడు గింజలు, బూడిద కలిపి, మూతికి గుడ్డ కుక్కి ఉండేవి. ఎవరడిగినా గుప్పెడు కొంగులో పోసేది. "ఇచ్చిన విత్తనం ఎక్కడికీ పోదే, మన పాదు ఎండిపోయిననాడు వాళ్లింట్లో దొరుకుతుంది" అనేది. మా పెరట్లో బీర ఒక ఏడు పురుగుపట్టి పోతే, నిజంగానే పక్కవీధి నుంచి మా గింజే తిరిగొచ్చింది.

బీట్‌రూట్‌నీ అలాగే విత్తనానికి వదలాలని నా కోరిక. కానీ అది రెండేళ్ల మొక్క. మొదటి ఏడు దుంప ఊరుతుంది. వారాల తరబడి గట్టి చలి తగిలితేనే పూత కడుతుంది. నీలగిరుల చలిలో గింజకట్టే ఊటీ-1 రకం ఉంది. మన మైదానాల్లో మాత్రం ఆ చలి లేదు. క్యాబేజీకీ అదే చలి కావాలి, అందుకే అమ్మమ్మ కూడా దాని విత్తనం ఎన్నడూ దాచలేదు, నారు సంతలోనే కొనేది. కనుక బీట్‌రూట్ గింజను ఏటా సంతోషంగా కొంటాను, మీరూ కొనండి. ప్యాకెట్ మీద తేదీ చూసి తీసుకోండి. మిగిలినవి గాలి చొరని డబ్బాలో పెడితే వచ్చే ఏడూ మొలుస్తాయి.