పారలల్ వెబ్‌ప్యాక్: పనిని పంచే విద్య

జావాస్క్రిప్టులో రాసిన పెద్ద వెబ్‌సైటు వందల, వేల ఫైళ్ళుగా ఉంటుంది. ఒకదానిమీద ఒకటి ఆధారపడిన ఆ ఫైళ్ళన్నిటినీ వెతికి పట్టుకుని, బ్రౌజరు సులువుగా దింపుకోగల కొద్దిపాటి ఫైళ్ళుగా కూర్చే సాఫ్ట్‌వేరును బండ్లర్ అనీ, ఆ కూర్పును బిల్డ్ అనీ అంటారు. టోబియాస్ కోపర్స్ 2012లో ప్రారంభించిన వెబ్‌ప్యాక్ వీటిలో విస్తృతంగా వాడుకలో ఉన్నది. ఒకే సోర్సు కోడు నుంచి పాత బ్రౌజర్లకు, కొత్తవాటికి, పరీక్షలకు వేర్వేరు రూపాలు తీయవలసి వచ్చినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

వెబ్‌ప్యాక్ నడిచేది నోడ్ జేఎస్ మీద. నోడ్ మామూలుగా జావాస్క్రిప్టు కోడును ఒకే థ్రెడ్‌లో, అంటే ఒక ఆదేశం ముగిశాకే మరొకటి అందుకుంటూ, నడుపుతుంది కనుక, బిల్డులు ఎన్ని ఉన్నా ప్రాసెసరులోని ఒక్క కోరు మీదే దాదాపు భారమంతా పడి, తక్కినవి ఖాళీగా ఉండిపోతాయి. జర్మనీకి చెందిన ట్రివాగో సంస్థ విడుదల చేసిన పారలల్ వెబ్‌ప్యాక్ అనే కమాండ్ లైన్ సాధనం ప్రతి బిల్డునూ విడి ప్రాసెస్‌కు, అంటే సొంత మెమరీతో స్వతంత్రంగా నడిచే ప్రోగ్రాముకు, అప్పగించి ఆ కోర్లన్నిటికీ పని కల్పిస్తుంది. తమ 32 రూపాల బిల్డు 16 నిమిషాల నుంచి 2 నిమిషాలకు తగ్గిందని ఆ సంస్థే ప్రకటించింది.

ఇందుకు కాన్ఫిగరేషన్ ఫైలు ఒక్క అమరికను కాక, అమరికల జాబితాను ఇవ్వాలి; ఒక్కటే ఉంటే పంచడానికి ఏమీ ఉండదు. జాబితాను చేత్తో రాసే శ్రమ తప్పించడానికి క్రియేట్ వేరియంట్స్ అనే ఫంక్షను ఉంది. కోడును కుదించాలా వద్దా, డీబగ్ సమాచారం ఉంచాలా వద్దా, నాలుగు మాడ్యూల్ పద్ధతుల్లో ఏది వాడాలి అని మూడు ప్రశ్నలు ఇస్తే, అది రెండు, రెండు, నాలుగు హెచ్చవేసి 16 అమరికలను తానే పుట్టిస్తుంది. ఈ సాధనంలో మెచ్చుకోదగిన భాగం, వేగం కన్నా, ఇదే.

అయితే ఏది దేనిమీద ఆధారపడలేదో తేల్చుకున్న తరువాతే పనిని పంచగలం. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన మేక్ అనే బిల్డ్ సాధనం ఆ ఆధారాలను ఫైలులో స్పష్టంగా రాయించింది. కాబట్టే తరువాతి మేక్‌లు స్వతంత్రమైన పనులను ఏకకాలంలో నడపగలిగాయి. పారలల్ వెబ్‌ప్యాక్ విషయంలో ఆ జాగ్రత్త కాన్ఫిగరేషన్ రాసేవారిదే: ఒక బిల్డు ఫలితం మరొకదానికి ముడిసరుకైతే రెండూ కలిపి నడపరాదు, రెండు బిల్డులు ఒకే పేరుతో ఫైలు రాస్తే ఒకటి మరొకదాన్ని చెరిపివేస్తుంది. పైగా ఒకే సోర్సు ఫైలును ప్రతి ప్రాసెసూ మళ్ళీ చదివి విశ్లేషించుకుంటుంది గనుక మెమరీ ఖర్చు పెరుగుతుంది. అందుకే మెమరీ తక్కువగా ఉన్న సర్వర్ల మీద ప్రాసెస్‌ల సంఖ్యను కోర్ల సంఖ్య కన్నా తగ్గించి పెట్టుకోవడమే మేలు, అందుకు కమాండులోనే వీలుంది.