కొలత వేసి అడిగిన ప్రార్థన

పెద్ద పళ్ళేలు 3, ప్లేట్లు 28, చాకులు 4, ఫోర్కులు 5. జార్జి ముల్లర్ తన జీవితంలో ప్రభువు జరిగించిన కార్యాల గురించి రాసిన వృత్తాంతంలో, 1835 డిసెంబరు పుటల్లో, ఈ పద్దు కనిపిస్తుంది. బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకు ఒక ఇల్లు కావాలని ప్రార్థన మొదలుపెట్టిన కొద్ది రోజులకే వచ్చిన సామాను అది. భక్తి గ్రంథంలో ఫోర్కుల లెక్క ఏమిటని కొత్తగా చదివేవాళ్ళకు అనిపించవచ్చు. నాకైతే ఆ పుస్తకంలోని పనితనమంతా అక్కడే తెలుస్తుంది. ఏం అడిగారో తారీఖు వేసి రాసుకున్న మనిషి, ఏం అందిందో కూడా అంతే పట్టుగా రాశారు.

1805లో ప్రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన సేవకుడాయన. గోదావరి జిల్లాల సంఘాలకు పరాయివారేమీ కాదు. ఆయన భార్య మేరీకి అన్న అయిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నర్సాపురంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు.

1835 డిసెంబరు 5 సాయంత్రం ముల్లర్ 81వ కీర్తన చదువుతూ పదో వచనం దగ్గర ఆగారు. నోరు బాగా తెరిస్తే నింపుతానని దేవుడిచ్చిన వాగ్దానం అది. మోకరించి మూడు సంగతులు అడిగారు: ఒక ఇల్లు, 1,000 పౌండ్లు, పిల్లల్ని చూసుకోగల తగిన మనుషులు. అప్పటికి ఐదేళ్ళ క్రితమే జీతం వదులుకున్న మనిషి అడిగిన మొత్తం అది! రెండు రోజులకు తొలి షిల్లింగు వచ్చింది. వెయ్యి పౌండ్లూ పూర్తయ్యేసరికి 1837 జూన్ అయింది.

ఈ ప్రార్థనలో ఒక లోటుంది. దాన్ని ఆయనే బయటపెట్టారు. 1836 ఫిబ్రవరి 3న, పిల్లల్ని చేర్చాలనుకునేవాళ్ళు రావచ్చని ప్రకటించి కూర్చుంటే ఒక్కరూ రాలేదు. ఇంటికి నడిచి వెళ్తుంటే తట్టింది: ఇల్లు అడిగాను, డబ్బు అడిగాను, మనుషుల్ని అడిగాను, పిల్లల్ని పంపమని మాత్రం అడగలేదు. అనాథలకు కొదవేముంది, వాళ్ళే వస్తారనుకున్నారు. ఆ సాయంత్రం చాలాసేపు తన మనసును శోధించుకున్నారు. ఈ పని సాగకపోవడమే దేవునికి మహిమ అయితే అలాగే కానీ అనగలిగేదాకా వెళ్ళి, ఆ తర్వాతే పిల్లల్ని పంపమని వేడుకున్నారు. మర్నాడే తొలి దరఖాస్తు వచ్చింది. మన ఉపవాస కూడికల్లో అందరి అవసరాలూ తీర్చు ప్రభువా అని ఒక్క మాటలో చుట్టేస్తుంటాం. ఎవరి అవసరం ఏమిటో పేరుపెట్టి చెప్పే ఓపిక ఎక్కడ తగ్గిందో ఈ ఘట్టం చదివితే తెలుస్తుంది.

అన్నింటికన్నా నేను మళ్ళీ మళ్ళీ చదివేది 1857 నవంబరు నాటి సంగతి. బ్రిస్టల్‌లోని యాష్లీ డౌన్‌లో అనాథల కోసం కట్టిన మొదటి భవనంలో బాయిలర్ కారడం మొదలైంది. ఇల్లంతటికీ వెచ్చదనం దాని నుంచే. లోపల 300 మంది పిల్లలు. చుట్టూ ఇటుక కట్టడం ఉంది కనుక అది విప్పితేగాని లోపం ఎక్కడుందో తెలియదు. విప్పాలంటే మంట ఆర్పాలి. ముల్లర్ పనివాళ్ళను మాట్లాడి బుధవారం అని ఖాయం చేశారు. ఆ తర్వాతే ఉత్తరపు గాలి తిరిగింది, చలి పట్టుకుంది. మరమ్మతు వాయిదా వేసే వీలు లేదు. అప్పుడు ఆయన రెండే అడిగారు. ఉత్తరపు గాలిని దక్షిణపు గాలిగా మార్చమని ఒకటి, నెహెమ్యా కాలంలో యెరూషలేము గోడ కట్టినవాళ్ళకున్నంత మనసు ఈ పనివాళ్ళకూ ఇమ్మని రెండోది.

ఆ విన్నపంలోని పొందిక చూడండి. బాయిలర్ దానంతటదే బాగవ్వాలని అడగలేదు. చేతులతో చేయగల పని చేతులకు వదిలి, తన చేతిలో లేనివి మాత్రమే దేవుని ముందు పెట్టారు: ఒకటి ఆకాశానిది, ఒకటి మనిషి గుండెది. మంగళవారం సాయంత్రం దాకా ఉత్తరపు గాలే. బుధవారం దక్షిణపు గాలి వీచింది, గదుల్లో మంట అవసరం లేనంత వెచ్చబడింది. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో మేస్త్రీ, మావాళ్ళు రాత్రంతా చేస్తామంటున్నారని చెప్పాడు. దాదాపు 30 గంటల్లో పని ముగిసింది.

ఇంకో సంగతి ఉంది. 1841 చివర్లో అనాథాశ్రమంలో డబ్బుకు కటకటగా ఉంది. ఏటా నివేదిక చదివే సభ అప్పుడే జరగాలి. సభ పెడితే జనానికి అవసరం తెలుస్తుంది, కానుకలు వస్తాయి. ముల్లర్ సభను కొన్ని నెలలు వాయిదా వేశారు. వచ్చే జవాబు దేవుని దగ్గర నుంచే వచ్చిందని ఎవరికీ అనుమానం లేకుండా ఉండాలని మిగతా తలుపులన్నీ తనే మూసుకున్నారు. విశ్వాసానికి ఇంత కఠినమైన పరీక్ష తనకు తానే పెట్టుకోవడం నన్ను అబ్బురపరుస్తుంది.

గాలి ఫలానా రోజుకు మారాలని అడిగిన ఈయనే మనుషుల మారుమనస్సు దగ్గర దేవునికి గడువు పెట్టలేదు. 1844 నవంబరులో ఐదుగురి పేర్లు పెట్టుకుని రోజూ ప్రార్థించసాగారు. మొదటివారు ఏడాదిన్నరకు మారారు. మరో ఐదేళ్ళకు రెండోవారు, ఆపై ఆరేళ్ళకు మూడోవారు. మిగిలిన ఇద్దరి కోసం 36 ఏళ్ళు దాటాక కూడా, వాళ్ళు వస్తారనే నమ్మకంతోనే, అడుగుతూ ఉన్నారు.